జాకీ చేతులు

బండి చక్రం మార్చేటప్పుడు కింద పెడతారు చూశారూ, జాకీ, ఆ పేరు అతనికి పెట్టింది స్వయానా అక్క మొగుడు. పద్నాలుగేళ్ల కిందట బావ అతన్ని ఇళ్ల సామాను మార్చే కంపెనీలో పనికి చేర్చాడు. మొదటి రోజే ఎవరూ అడక్కుండా ఒక ఫ్రిజ్‌ని ఒక్కడే కావలించుకుని లారీలోకి ఎక్కించేశాడు. "వీడు మనిషి కాదురా, జాకీ" అన్నాడు బావ, పదిమందీ నవ్వారు. అంతే, అసలు పేరు ఆ రోజుతో సరి. ఇప్పుడు యజమాని రిజిస్టర్లో కూడా జాకీ అనే ఉంది.

అలాంటి జాకీ ఇప్పుడు అరవై కిలోలు ఎత్తలేకపోతున్నాడు.

ఎత్తలేకపోవడం అంటే కూడా సరిగ్గా చెప్పినట్టు కాదు. బరువులు తగిలించిన కడ్డీ నేల మీంచి లేస్తుంది. పిక్కలు దాటుతుంది. మోకాళ్ల దగ్గరికి వస్తుంది. సరిగ్గా అక్కడ, ఎవరో చెప్పినట్టు, పది వేళ్లూ ఒక్కసారి విచ్చుకుంటాయి. ఇనుము దభీమని నేల మీద పడుతుంది. జిమ్‌లో అద్దాల ముందు కండలు చూసుకుంటున్న వాళ్లందరూ తిరిగి చూస్తారు. ఒక్కసారైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. మూడు వారాల నుంచీ రోజూ ఇదే వరస.

డాక్టరు నరాలు చూశాడు, ఎముకలు చూశాడు, ఫొటోలు తీయించాడు. "నీ చేతులకేం, గుండ్రాళ్లలా ఉన్నాయి" అని పంపించేశాడు. యజమాని మాత్రం ఆ మాటతో ఊరుకునే రకం కాదు. శనివారం గోదాములో అందరి ముందూ ఎనభై కిలోలు నడుం దాకా ఎత్తి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలన్నాడు. నిలబడితే సోమవారం నుంచి పని, లేకపోతే ఆ స్థానంలో ఇంకొకడు. "నీ మీద జాలి లేక కాదయ్యా. మిగతావాళ్ల కాళ్లు నాకు కావాలి" అన్నాడు. ఆ మాటలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

ఎందుకంటే మూడు నెలల కిందట, ఒక మేడ మెట్ల మీద, జాకీ చేతుల్లోంచి ఇనప బీరువా పోయి బావ మీద పడింది. ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. కుడి మడమ నుజ్జయింది. అప్పటినుంచీ బావ మంచం దిగలేదు. అక్కా బావా జాకీ కలిసి ఉండే ఇంట్లో సంపాదించే ఇద్దరిలో ఒకడు మంచం మీద ఉన్నాడు, రెండోవాడి వేళ్లు మాట వినడం లేదు. వేరే పని చూసుకుందామంటే జాకీకి మొయ్యడం తప్ప ఇంకొకటి రాదు.

ఇక ఆ ఇంటి సంగతి. ముందుగది, వెనకగది, వంటగది. ముందుగదిలో బావ మంచం ఇంచుమించు గోడ నుంచి గోడ దాకా పరుచుకుని ఉంటుంది. బయటికి వెళ్లాలంటే పొట్ట లోపలికి పీల్చుకుని, వీపు గోడకి రాసుకుంటూ, పక్కవాటుగా జరగాలి. జాకీ లాంటి మనిషికి అది చిన్న పనేం కాదు. అలా జరిగే ప్రతిసారీ అతని మొహమూ బావ మొహమూ జానెడు దూరంలోకి వస్తాయి. ప్రతిసారీ బావ నవ్వుతాడు. ఆ నవ్వు తప్పించుకుని ఆ ఇంట్లోంచి బయటపడే దారి ఇంకొకటి లేదు.

పలకరించడానికి ఎవరొచ్చినా బావది ఒకటే పాట. "మావాడి తప్పేం లేదండీ. చెమట చెయ్యి, జారింది. ఇప్పుడు కన్నతల్లి కూడా చెయ్యనంత చేస్తున్నాడు. రోజుకి మూడుసార్లు వాడే ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్తాడు." వచ్చినవాళ్లు జాకీ వైపు మెచ్చుకోలుగా చూసేవారు. అక్క కళ్లు ఒత్తుకునేది. జాకీ తల వంచుకుని నేల మీద పలకలు లెక్కపెట్టేవాడు. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు, కనీసం అలిగి లేచి వెళ్లిపోవచ్చు. ఈ మంచితనానికి జవాబేం చెప్తాడు? కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడేవాడు.

చేతుల్లో మళ్లీ పట్టు తెచ్చుకోమని కంపెనీ పంపిన జిమ్‌లో అతన్ని చూసే ట్రైనరుకి నలభై దాటి ఉంటాయి. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిన మనిషి. మోకాలికి ఎప్పుడూ పట్టీ ఉంటుంది. మాట మెత్తన, చూపు మాత్రం సూది. బుధవారం నాడు కడ్డీ నాలుగోసారి కింద పడ్డాక, ఆవిడ దాన్ని కాలితో పక్కకి తోసేసి, అరచేతిలో పట్టుకుని నొక్కే చిన్న యంత్రం ఒకటి అతని చేతికిచ్చింది.

"నొక్కండి. ఏమీ ఆలోచించకండి."

నొక్కాడు. యాభై నాలుగు చూపించింది.

"ఇప్పుడు మీకు ఒళ్లు మండిన రోజు ఒకటి తలుచుకోండి. తలుచుకుని నొక్కండి."

అరవై ఒకటి.

"చూశారా? చెయ్యి అదే, కండ అదే. ఇప్పుడు మీ బావగారికి దెబ్బ తగిలిన రోజు తలుచుకోండి."

ఇరవై తొమ్మిది.

ఆవిడ అంకె వైపు చూసింది, తర్వాత అతని మొహంలోకి చూసింది. ఆవిడకి తెలియనిది ఒకటుంది. ఒళ్లు మండిన రోజూ అదే, దెబ్బ తగిలిన రోజూ అదే. పొద్దున్న అరవై ఒకటి, మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది.

"ఆ రోజు ఏం జరిగింది?"

"చెయ్యి జారిందండీ."

"ఏ చెయ్యి?"

ఇన్నాళ్లలో ఎవరూ ఆ మాట అడగలేదు. పోలీసు అడగలేదు, యజమాని అడగలేదు, అక్క అడగలేదు.

"రెండూ" అన్నాడు.

"రెండు చేతులూ ఒక్కసారి జారవండీ. నేను ఇరవై ఏళ్లు ఇనుము పట్టుకున్నాను. ముందు ఒకటి జారుతుంది, రెండోది ఒక్క క్షణమైనా పెనుగులాడుతుంది."

ఆవిడ రెట్టించలేదు. యంత్రం సంచిలో పెట్టుకుంటూ, "ఇంట్లో ఏమైనా బరువులు ఎత్తుతున్నారా?" అంది మామూలుగా.

"లేదండీ. మా బావని ఎత్తుతా, అంతే."

"ఆయనెంత ఉంటారు?"

"డెబ్బై ఉంటాడు."

ఆవిడ నవ్వేసింది. "డెబ్బై కిలోల మనిషిని రోజుకి మూడుసార్లు ఎత్తుతూ, నా అరవై కిలోల ఇనుముని కింద పడేస్తున్నారా?"

"అది చేతుల మీద మొయ్యడమండీ. ఇది వేళ్లతో పట్టుకోవడం."

"ఆ వేళ్లు ఎవరి చేతివండీ?" అంది ఆవిడ. తర్వాత నవ్వు మానేసి, నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "నా సంగతి చెప్తా వినండి. మా ఆయనతో పోట్లాడి వచ్చిన రోజు నేను అయిదు కిలోలు ఎక్కువ ఎత్తేదాన్ని. అబద్ధమాడి వచ్చిన రోజు పది తక్కువ. మొదట్లో నమ్మలేదు, రాసిపెట్టుకుని చూశాను. ఎందుకలా అంటే నేను చెప్పలేను. నాకు చదువు లేదు. ఒళ్లు మాత్రం లెక్క తప్పదు."

జాకీ ఇంటిదారి పట్టాడు. అబద్ధం అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

సామాను మోసేవాళ్లకి ఒక ఆట ఉంది, వాళ్లలో వాళ్లకి తప్ప బయటివాళ్లకి తెలియదు. ఇద్దరు కలిసి ఒక సోఫానో ఫ్రిజ్జో మోసుకుపోతుంటారు. ఉన్నట్టుండి ఒకడు రెప్పపాటు వేళ్లు వదులు చేస్తాడు. బరువంతా రెండోవాడి మీద పడి మోకాళ్లు వంగుతాయి, కళ్లు బయటికొస్తాయి. వెంటనే మొదటివాడు పట్టుకుంటాడు. రెండోవాడు అమ్మనా బూతులు తిడతాడు, అందరూ పడి పడి నవ్వుతారు. దీన్ని రుచి చూపించడం అంటారు. బావే జాకీకి నేర్పాడు. ఇంట్లో భోజనాల దగ్గర ఇద్దరూ ఇవాళ ఎవరు ఎవరికి రుచి చూపించారో చెప్పుకుని నవ్వుతుంటే, "మీ మొహాలు మండ, అదేం సరదా" అని అక్క కూడా నవ్వేది. ఆ ఆటకి ఒక్కటే కట్టుబాటు. చదును నేల మీదే ఆడాలి. మెట్ల మీద ఆడకూడదు. మెట్ల మీద కిందివాడి ప్రాణం పైవాడి వేళ్లలో ఉంటుంది.

ఆ రోజు పొద్దున్న టీ కొట్టు దగ్గర బావ మంచి హుషారులో ఉన్నాడు. ముందురోజు జాకీకి పిల్లని చూడటానికి వెళ్లొచ్చారు. జాకీ గంటసేపు కుర్చీలో కూర్చుని, పిల్ల తండ్రి అడిగిన దేనికీ పెదవి విప్పలేకపోయాడు. వాళ్లు వద్దన్నారు. బావ ఆ గంటంతా అభినయించి చూపించాడు. మోకాళ్లు దగ్గర పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గుటకలు మింగుతూ. "బీరువా ఎత్తమంటే ఎత్తుతాడు, మాట ఎత్తమంటే మాత్రం వీడి వల్ల కాదు!" పది మంది లోడర్లు పొట్టలు పట్టుకున్నారు. జాకీ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని నవ్వాడు. ఆ పిల్ల అతనికి నచ్చింది. ఆ సంగతి బావకి కూడా తెలుసు.

మధ్యాహ్నం బీరువా మూడో అంతస్తు నుంచి దిగుతోంది. కింద బావ, పైన జాకీ. ఎప్పుడూ అంతే, కింద ఉండేది పెద్దవాడు, మాట చెల్లేదీ అతనిదే. ఒక్కో మెట్టుకీ బావ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. "నెమ్మది. నెమ్మదిరా. పిల్లని చూడటానికి వచ్చినట్టు బిగుసుకుపోకు." అప్పుడు జాకీ మనసులో అనుకున్నది ఇంతే: ఒక్క క్షణం రుచి చూడనీ. చంపాలని కాదు, విరగ్గొట్టాలని కాదు, కేవలం ఆ నోరు మూతపడాలని. వేళ్లు వదులు చేశాడు. మళ్లీ పట్టుకునేలోపు పట్టుకోవడానికి అక్కడ బీరువా లేదు.

తర్వాత అందరూ వచ్చారు. "జారింది" అన్న మాట ముందు ఎవరో అన్నారు. జాకీ దాన్ని పట్టుకున్నాడు. అప్పటినుంచీ అతను గట్టిగా పట్టుకున్నది అదొక్కటే.

గురువారం యాభై అయిదు కిలోలు కింద పడ్డాయి. శుక్రవారం యాభై. పక్కన కొత్తగా చేరిన కాలేజీ పిల్ల ఒకతి ఆ బరువుతోనే ఒళ్లు వేడెక్కించుకుంటోంది. జాకీకి ఆ అద్దాల గదిలో ఎటు చూసినా తన మొహమే కనిపించింది. ట్రైనరు, "రేపు పరీక్ష కదా, ఇవాళ ఇంక వద్దు" అంది. ఇంకేమీ అనలేదు, కానీ ఆమె అనని మాట అతనికి వినపడింది.

ఆ మాటే శనివారం పొద్దున్న లేవగానే ముందు గుర్తొచ్చింది. చెప్పేస్తే వేళ్లు మాట వింటాయి. చెప్పకపోతే పని పోతుంది. అతని మనసులో ఆ పూట ఉన్నది అంతకంటే గొప్పదేమీ కాదని ఇక్కడే చెప్పేయడం మంచిది.

అక్క వంటగదిలో ఉంది. జాకీ ఎప్పట్లాగే వంగి ఒక చెయ్యి బావ వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి ఎత్తాడు. ఎత్తుకుని నడిచేటప్పుడు ఎదురుగా చూస్తే చాలు, మొహం చూడక్కర్లేదు. అందుకే ఆ సమయం ఎంచుకున్నాడు.

"బావా, ఆ రోజు చెయ్యి జారలేదు."

జాకీ ఇంకో రెండు అడుగులు వేశాడు.

"రుచి చూపించాను. మెట్ల మీద."

"ముందు నన్ను కూర్చోబెట్టు" అన్నాడు బావ. గొంతు చాలా మామూలుగా ఉంది.

బాత్రూములో స్టూలు మీద కూర్చోబెట్టాడు. బావ గోడకున్న గొట్టాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాకే నోరు విప్పాడు.

"తెలుసు."

"తెలుసా?"

"పద్నాలుగేళ్లుగా నీ చేతుల కింద ఉన్నానురా. జారిన బరువు ఒక పక్కకి ఒరుగుతూ వస్తుంది. వదిలేసిన బరువు తిన్నగా వస్తుంది. తిన్నగా వచ్చింది."

"మరి ఇన్నాళ్లూ నా తప్పేం లేదని అందరికీ..."

"ఇంకేం చెప్పమంటావు? మీ అక్కకి తెలిస్తే నిన్ను ఆ క్షణమే గెంటేసేది. నువ్వు పోతే నన్నెవరు ఎత్తుతారు? కదల్లేనివాడికి కోపం తెచ్చుకునే యోగం కూడా ఉండదురా. నవ్వాను. మూడు నెలలు నవ్వాను. రోజుకి మూడుసార్లు నన్ను పడేసిన చేతుల్లోకే ఎక్కాను. నువ్వు వంగినప్పుడల్లా ఈ పూట ఏం గుర్తొస్తుందో వీడికి అని భయం. మంచం నుంచి ఇక్కడికి ఎనిమిది అడుగులు. ఎనిమిదోది పడేదాకా ఊపిరి తీసేవాణ్ని కాదు."

ఎత్తుకున్నప్పుడు బావ మాట్లాడకపోవడం మొహమాటం వల్ల అనుకున్నాడు జాకీ. చంటిపిల్లాడిలా ఎత్తించుకోవడానికి మగవాడికి సిగ్గు కదా అనుకుని, తను కూడా మాట్లాడించేవాడు కాదు. అంత మంచిగా ఆలోచించాననుకుని లోపల్లోపల కొంచెం తృప్తి కూడా పడేవాడు.

"టీ కొట్టు దగ్గర నేను చేసింది తప్పే" అన్నాడు బావ. "దానికి అదే రోజు సాయంత్రం నీకు క్షమాపణ చెప్దామనుకున్నా. అది వేరే సంగతి. నువ్వు ఒక్కటి చెప్పు. మూడు నెలలు ఆగినవాడివి, ఇవాళే ఎందుకు చెప్పావు?"

జాకీ తల వంచుకున్నాడు.

"పరీక్ష ఇవాళే కదూ?"

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలల్లో జాకీ వాటిని చూడటం అదే మొదటిసారి. "నీ చేతులు తేలికవడానికి చెప్పావు. అంతేలే. నాకు చెప్పాలని కాదు."

వెనక అలికిడయింది. తువ్వాలు పట్టుకుని అక్క నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో అడగాల్సిన పనిలేదు, మొహం చూస్తే చాలు. జాకీ "అక్కా" అన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. తువ్వాలు మొగుడి భుజం మీద వేసి, "టైమవుతోంది. వెళ్లు" అంది గోడకి చెప్పినట్టు.

గోదాములో ఎనభై కిలోలు సిద్ధంగా ఉన్నాయి. లోడర్లు చుట్టూ చేరారు. యజమాని కళ్లజోడు సవరించుకుని "కానీ" అన్నాడు. జాకీ వంగాడు, పట్టుకున్నాడు, లేచాడు. మోకాళ్లు దాటింది. నడుం దగ్గరికి వచ్చింది. వేళ్లు కదలలేదు. యజమాని ఒకటి, రెండు అని మొదలుపెట్టి ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఇరవై దాటినా జాకీ దించలేదు. అతనికి ఆ ఇనుము ఎంత తేలిగ్గా ఉందంటే, అంత తేలిగ్గా ఉన్నందుకు సిగ్గేసింది. ఎక్కడైనా కొంచెం బరువు తగిలితే బాగుండునని చూశాడు. తగల్లేదు. ఎవరో ఇంకో పది కిలోలు తగిలించారు. అదీ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. "జాకీ జాకీయేరా!" అన్నారు. యజమాని రిజిస్టరు తెరిచి సోమవారం తేదీ వేశాడు.

ఇంటికి వచ్చాడు. పక్కవాటుగా జరగబోతూ ఆగిపోయాడు. పొద్దున్న ఇరుగుపొరుగువాళ్లెవరో సాయంపట్టి తెచ్చినట్టున్నారు, బావ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం బాత్రూముకి వెళ్లే వేళ అయింది. జాకీ అలవాటుగా ఒక అడుగు ముందుకేసి చేతులు చాచాడు.

బావ నవ్వలేదు. ఈసారి భయం దాచుకోకుండా వెనక్కి జరిగాడు.

"నువ్వు జరుగు" అంది అక్క.

"నీ వల్ల కాదక్కా. డెబ్బై కిలోలు."

"జరగమన్నానా?"

నీళ్ల డబ్బా కూడా తమ్ముణ్ని పిలిచి దింపించుకునే మనిషి. చెంగు నడుముకి దోపి, వంగి, ఒక చెయ్యి వీపు కిందికి, ఒక చెయ్యి మోకాళ్ల కిందికి పోనిచ్చింది. మెడ నరాలు తాళ్లలా పొంగాయి. లేపింది. ఎలా లేపిందో ఆ ట్రైనరు ఉంటే చెప్పగలిగేదేమో. మంచానికీ గోడకీ మధ్య ముగ్గురికి చోటు లేదు కాబట్టి, జాకీ వెనక్కి వెనక్కి జరిగి గుమ్మం పక్కన గోడకి అంటుకుపోయాడు.

"పని దొరికిందక్కా" అన్నాడు. ఇంకేం అనాలో తెలియక అన్నాడు.

"దొరుకుతుందిలే. చేయించుకునేవాళ్లకి నీ సంగతి తెలియదుగా" అంది ఆమె, అడుగు తీసి అడుగు వేస్తూ, రొప్పుతూ. "ఎక్కడికీ పారిపోవడానికి లేదు. ఇక్కడే ఉంటావు. ఆయన లేచి నడిచేదాకా ఈ ఇల్లు నువ్వే నడుపుతావు. తింటావు, పడుకుంటావు, పనికి పోతావు. ఆయన మీద మాత్రం చెయ్యి వెయ్యకు."

"సరే అక్కా."

బాత్రూము గుమ్మం దాకా వెళ్లేసరికి ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. బావ "దించు, దించు, పర్లేదు" అన్నాడు. ఆమె మొగుణ్ని వదలకుండానే నేల మీద చతికిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అక్కడే కూర్చున్నారు. జాకీకి వాళ్లు మూడు అడుగుల దూరంలో ఉన్నారు. తొంభై కిలోలు ఎత్తి వచ్చిన చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. వాళ్లిద్దరిలో ఎవరూ అతన్ని పిలవలేదు.

అక్క కాసేపు ఊపిరి పీల్చుకుని, చెంగు మళ్లీ బిగించి, లేవడానికి మోకాలు నేలకి ఆనించింది. జాకీ గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు.